పొరలు పొరలుగా కాఫీ: ఇంట్లో బొంబోన్, లాట్టే మకియాటో, బెల్లం ఐస్ కాఫీ

మన ఇళ్లలో కాఫీ కలపడమంటే చెయ్యి పైకి లేవాలి. గ్లాసులోంచి డబరాలోకి, డబరాలోంచి గ్లాసులోకి మూరెడు ధార సాగాలి. పాలేవో డికాక్షనేదో తెలియకుండా అంతా ఒకే రంగుకి రావాలి. ఆ అలవాటున్న చేత్తో పొరల కాఫీ పోస్తే మొదటి గ్లాసు చెడడం ఖాయం. నాకైతే మొదటి నాలుగూ చెడ్డాయి.

నాలుగోసారి మా చెల్లెలు ఫొటో తీద్దామని ఫోన్ పట్టుకుని పక్కనే నిలబడింది. స్పూన్ వెనకవైపు నుంచి, ఊపిరి బిగబట్టి, సన్నగానే పోశాను. కాఫీ పాలమీద ఒక్క క్షణం కూడా ఆగలేదు. నేరుగా అడుక్కి దిగి, అక్కణ్ణుంచి పొగలా లేచి గ్లాసంతా అలుముకుంది. "బావుంది అన్నయ్యా, టీ పెట్టడం ఎప్పుడు నేర్చుకున్నావ్?" అంది.

తప్పు నా చేతిది కాదని రెండు రోజుల తర్వాత తెలిసింది. అలవాటు కొద్దీ కాఫీలో ముందే రెండు చెంచాల చక్కెర కలిపి పెట్టుకున్నాను. అదే కొంప ముంచింది.

ముందు బరువుల లెక్క

పొరల కాఫీలో స్పూన్ విద్య కన్నా ముందు తెలియాల్సింది ఏది బరువు, ఏది తేలిక అన్నది. బరువైనది కింద, తేలికైనది పైన ఉంటే పొర నిలబడుతుంది. తిరగబడితే ఎంత నెమ్మదిగా పోసినా నిలబడదు.

చల్లటి పాలు లీటరు 1,030 గ్రాముల దాకా తూగుతాయి. కండెన్స్‌డ్ మిల్క్ అయితే లీటరుకి 1,300 గ్రాములు. బెల్లం పాకం, చక్కెర పాకం కూడా పాల కన్నా బాగా బరువే. మామూలు నీళ్లు లీటరు కిలో అని మనకి తెలుసు కానీ, 80 డిగ్రీల వేడిలో అవే నీళ్లు 970 గ్రాములే ఉంటాయి. ఎస్ప్రెసోలో, అంటే మిషన్ ఒత్తిడితో దింపే చిక్కటి కాఫీలో, కాఫీ సారం నూటికి పది పాళ్ల వరకూ ఉంటుంది కాబట్టి వేడినీళ్ల కన్నా కాస్త బరువే. అయినా వేడిగా ఉన్నంతసేపూ పాల కన్నా తేలిక. చల్లారిందంటే దాదాపు పాలతో సమానమైపోతుంది. అందుకే అరగంట కింద దింపిన ఎస్ప్రెసోతో పొర కష్టం. అందులో చక్కెర కూడా పడితే ఇక చెప్పేదేముంది, మునుగుతుంది.

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చూడొచ్చు. రెండు చిన్న గాజుగ్లాసుల్లో సగం దాకా చల్లటి పాలు పోయండి. ఒకదాంట్లో చక్కెర లేని వేడి కాఫీ ఒక పెద్ద చెంచాడు, గ్లాసు అంచు మీదుగా జార్చండి. రెండోదాంట్లో చక్కెర బాగా కలిపిన కాఫీ అలాగే జార్చండి. మొదటిది పైన గోధుమరంగు మూతలా పరుచుకుంటుంది. రెండోది పాలలో దారి చేసుకుంటూ కిందికి పోతుంది. అడుగునుంచి చూస్తే ఎంత వేగంగా దిగుతుందో తెలుస్తుంది.

కాబట్టి ఈ వంటలన్నిటికీ ఒకటే కట్టడి: తీపి ఏదైనా పాలలోనో, పాల కిందో. కాఫీలో మాత్రం వద్దు.

కాఫీ ఎలా దింపాలి

ఎస్ప్రెసో మిషన్ ఉంటే 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో దిగేలా పొడి మెత్తదనం సర్దుకోండి.  ఇంటి మిషన్ల డబ్బాల మీద 15 బార్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఎస్ప్రెసోకి కావలసింది 9 బార్ చుట్టుపక్కల ఒత్తిడి, అంతే. ఆ అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

మిషన్ లేనివాళ్లకి మోకా పాట్ చాలు. ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి 1933లో తెచ్చిన ఎనిమిది పలకల అల్యూమినియం పాత్ర ఇది. దీంట్లో ఒత్తిడి 1–2 బార్ దాటదు కాబట్టి వచ్చేది అసలైన ఎస్ప్రెసో కాదు, పైన క్రెమా (ఎస్ప్రెసో మీద తేలే గోధుమరంగు నురగ) కూడా పెద్దగా ఉండదు. కానీ పొరల కాఫీకి ఇది ఒకరకంగా మేలు. ఎస్ప్రెసో కన్నా పలచన కాబట్టి ఇంకా సులువుగా తేలుతుంది.

మూడు కప్పుల సైజు పాట్‌లో వాల్వు కిందివరకూ వేడినీళ్లు పోయండి. చన్నీళ్లు పోస్తే అవి మరిగేలోపు పొడి మాడినట్టవుతుంది. జల్లెడలో 15–17 గ్రాముల పొడి వేసి వేలితో చదును చెయ్యండి, అదిమి కుక్కకండి. గుడ్డతో పట్టుకుని బిగించి సన్నమంట మీద మూత తీసి పెట్టండి. కాఫీ ముదురు తేనె రంగులో నెమ్మదిగా పైకి వస్తుంది. రంగు పాలిపోయి గురగురమనడం మొదలవగానే దించేసి, అడుగుభాగాన్ని కుళాయి కింద ఒక్కసారి తడపండి. ఆ చివరి గురగురలో వచ్చేదంతా చేదే. మన గ్యాస్ స్టవ్ బర్నర్ పెద్దది కాబట్టి ఈ పాట్ దానిమీద సరిగా నిలవదు. చిన్న జాలీ ఒకటి వేసుకోవాలి. అల్యూమినియం పాట్ ఇండక్షన్ స్టవ్ మీద పనిచెయ్యదు, కొనేముందే చూసుకోండి.

ఫిల్టర్ డికాక్షన్‌తో కుదరదా? కుదురుతుంది. మొదటి డికాక్షన్, ముఖ్యంగా చికోరీ ఎక్కువున్నది, చిక్కగా బరువుగా ఉంటుంది. గిన్నెని వేడినీళ్లలో నిలబెట్టి బాగా వేడి చేసి, ఒక చెంచాడు వేడినీళ్లు కలిపి వాడండి. చికోరీ కలిసిన పొడిని మోకాలో, మిషన్‌లో మాత్రం నేను వెయ్యను. జిగురుగా మారి జల్లెడకి అడ్డం పడుతుంది.

గింజల సంగతికొస్తే, రంగు తేడా కొట్టొచ్చినట్టు కనిపించాలంటే మీడియం కన్నా కాస్త ముదురుగా వేయించినవి తీసుకోండి. అరకు లోయ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, చిక్కమగళూరు, కూర్గ్ కాఫీలకీ అదే ఏడాది వచ్చింది. నా ఓటు అరకుకే, కాకపోతే అందులో పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను. మిషన్ ఉన్నవాళ్లు అందులో కాస్త రోబస్టా రకం గింజలు కలిపితే క్రెమా దట్టంగా వస్తుంది, చేదూ పెరుగుతుంది.

పాలు, నురగ

నురగ కట్టేది పాలలోని ప్రొటీన్, కొవ్వు కాదు. ఆ మాట వినగానే మనవాళ్లు ఆశ్చర్యపోతారు, ఎందుకంటే చిక్కటి పాలకే బాగా నురగొస్తుందని మన నమ్మకం. 6 శాతం కొవ్వున్న ఫుల్ క్రీమ్ పాలు నోటికి కమ్మగా ఉంటాయి కానీ నురగ తొందరగా కూలుతుంది. 3 శాతం ఉన్న టోన్డ్ పాలు మకియాటోకి బాగా సరిపోతాయి. డబుల్ టోన్డ్‌తో నురగ గుట్టలా లేస్తుంది, రుచి మాత్రం నీళ్లనీళ్లగా ఉంటుంది.

పాకెట్ పాలు ముందే పాశ్చరైజ్ చేసినవి. ఫ్రిజ్‌లో ఉన్న తాజా పాకెట్ అయితే పొంగించకుండానే తీసుకుని నురగకి కావలసినంతే వేడి చెయ్యండి. పొంగించిన పాలలో ప్రొటీన్ మారిపోతుంది, ఉడికిన వాసనా వస్తుంది, పైగా మీగడ తరకలు నురగని చెడగొడతాయి. పాలబ్బాయి పోసే పాలు మాత్రం పొంగించాల్సిందే. వాటిని పూర్తిగా చల్లార్చి, మీగడ తీసి, వడకట్టి వాడండి. ఒకటి రెండు రోజులు పాతబడిన పాలలో కొవ్వు చెడడం మొదలై, నురగ వచ్చినట్టే వచ్చి సబ్బు బుడగల్లా పేలిపోతుంది.

పాలు 60–65 డిగ్రీలు దాటకూడదు. థర్మామీటర్ లేకపోతే, గిన్నె అంచుల్లో చిన్న బుడగలు కట్టి ఆవిరి లేస్తుండగా దించేయండి. ఆ తర్వాత మూడు దారులున్నాయి. స్టీమ్ గొట్టం ఉంటే మొనని పాల పైభాగంలో ఉంచి పది సెకన్లపాటు గాలి పట్టనిచ్చి, తర్వాత లోపలికి దించండి. ఇక్కడ పాలు చల్లగానే మొదలుపెట్టాలి, వేడి గొట్టమే చేస్తుంది. బ్యాటరీతో తిరిగే చిన్న కవ్వం ఉంటే ముప్పై సెకన్లు చాలు. నాకు ఇష్టమైనది ఫ్రెంచ్ ప్రెస్, అంటే జాలీ ఉన్న పిడితో కాఫీని అదిమే పాత్ర: మూడో వంతు దాకా వేడిపాలు పోసి, పిడిని ఇరవై సార్లు పైకీ కిందికీ ఆడిస్తే పాలు ఒకటిన్నర రెట్లవుతాయి. ఇంకా ఆడిస్తే గట్టి నురగ విడిగా, పాలు విడిగా అయి కూర్చుంటాయి. పెద్ద బుడగలుంటే గిన్నెని గట్టు మీద రెండుసార్లు తట్టి, గుండ్రంగా తిప్పండి. పెయింట్‌లా మెరిసిందంటే సిద్ధమైనట్టే.

మొదట బొంబోన్

కొత్తవాళ్లు దీంతో మొదలుపెట్టండి, ఎందుకంటే ఇది చెడదు. స్పెయిన్‌లోని వాలెన్సియా వైపు తాగే కెఫే బొంబోన్ అంటే కండెన్స్‌డ్ మిల్క్, ఎస్ప్రెసో సగం సగం, అంతే. అరచేతిలో పట్టే చిన్న గాజుగ్లాసులో 30 మి.లీ. కండెన్స్‌డ్ మిల్క్ పోయండి. గోడలకి అంటకుండా స్పూన్‌తో నేరుగా అడుగుకే వెయ్యాలి, అంటితే గీతలు కనబడి అందం పోతుంది. పైన ఓ స్పూన్‌ని బోర్లించి, దాని వీపు మీదుగా 30 మి.లీ. వేడి కాఫీ పోయండి. తెలుపుకీ నలుపుకీ మధ్య గీత కత్తితో కోసినట్టు ఉంటుంది. బరువుల్లో అంత తేడా ఉంది కాబట్టి చెయ్యి వణికినా ఫరవాలేదు.

వియత్నాంవాళ్లు ఇదే పద్ధతిలో గ్లాసు అడుగున కండెన్స్‌డ్ మిల్క్ పోసి, దానిమీద ఫిన్ అనే చిన్న ఫిల్టర్ పెట్టి చుక్కచుక్కగా రోబస్టా కాఫీ దింపి, కలిపి ఐస్ వేసుకుంటారు. మన ఫిల్టర్ డికాక్షన్ ఆ రుచికి చాలా దగ్గర. మీ ఇంట్లో డికాక్షన్ మిగిలిపోతే దీనికి వాడండి.

లాట్టే మకియాటో

ఇటాలియన్‌లో లాట్టే అంటే పాలు, మకియాటో అంటే మరక పడినది. మన 'మచ్చ'కి దగ్గరగా వినిపించడం కాకతాళీయమే కానీ గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది: ఇది మచ్చపడిన పాలు. నురగ మధ్యలో కాఫీ దిగిన చోట గోధుమరంగు మచ్చ ఒకటి మిగులుతుంది, పేరు దానిదే. కెఫే మకియాటో దీనికి తలకిందులు, అందులో మచ్చ పాలది.

250–300 మి.లీ. పట్టే పొడవాటి, సన్నటి గాజుగ్లాసు కావాలి. వెడల్పు గ్లాసులో పొరలు పలచగా పరుచుకుని కనబడవు. వేడిని తట్టుకునే బోరోసిలికేట్ గాజే వాడండి. ఫ్రిజ్‌లోంచి తీసిన మామూలు జ్యూస్ గ్లాసులో వేడిపాలు పోసి, గట్టంతా గాజుముక్కలు ఏరుకున్న అనుభవంతో చెబుతున్నాను.

1. మోకా పాట్ పొయ్యి మీద పెట్టండి. అది పొంగడానికి పట్టే నాలుగైదు నిమిషాల్లో పాల పని చూసుకోవాలి.

2. 160 మి.లీ. టోన్డ్ పాలు. చక్కెర కావాలనుకుంటే ఇప్పుడే, ఈ పాలలోనే కరిగించండి. పాలు ఇంకాస్త బరువెక్కి పొరకి బలమవుతుంది. 60 డిగ్రీలకి వేడి చేసి, మామూలు లాట్టేకి కన్నా ఎక్కువ నురగ తీయండి.

3. గ్లాసుని వేడినీళ్లతో కడిగి, నురగతో సహా పాలన్నీ ఒక్కసారే పోసెయ్యండి. గ్లాసు పైన రెండు వేళ్ల వెడల్పు ఖాళీ ఉండాలి.

4. ఇప్పుడు ఆగండి. నిమిషం పాటు. అందరూ తొందరపడేది ఇక్కడే. అప్పుడే నురగ తీసిన పాలలో గాలి అంతటా కలిసి ఉంటుంది. ఆ సమయంలో కాఫీ పోస్తే దానికి ఆగే చోటు దొరకదు. నిమిషం ఆగితే పాలు కిందికి దిగుతాయి, నురగ పైకి చేరుతుంది. గ్లాసు పక్కనుంచి చూస్తే ఆ రెంటి మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. అది కనిపించేదాకా కాఫీ జోలికి వెళ్లకండి.

5. 30–40 మి.లీ. కాఫీని ముక్కున్న చిన్న గిన్నెలోకి తీసుకోండి. మోకా పాట్ మూతి నుంచి నేరుగా పోస్తే ధార మన మాట వినదు. ముక్కు లేకపోతే మందు సీసాతో వచ్చే కొలత కప్పుని అంచు దగ్గర కాస్త నొక్కి వాడినా సరే.

6. నురగకి అంగుళం ఎత్తునుంచి, ఒకేచోట, పెన్సిల్ ములుకంత ధారగా పోయండి. పదిహేను ఇరవై సెకన్లు పట్టాలి. డబరా కాఫీ అలవాటున్న చెయ్యి ఇక్కడే పైకి లేస్తుంది, లేవనివ్వకండి.

నురగలోంచి దిగుతున్న కాఫీ మొదట కనబడదు. రెండు మూడు సెకన్లకి నురగ కిందుగా గోధుమరంగు మబ్బు ఒకటి మొదలై, పక్కలకి పాకి, గ్లాసు గోడకి తగిలి చుట్టూ తిరిగి వలయం పూర్తి చేస్తుంది. తర్వాత మందం పెరుగుతుంది. ధార వేగాన్ని ముందే విరగ్గొట్టేది ఆ నురగే. అందుకే మకియాటోకి స్పూన్ అక్కర్లేదు. కింద తెల్లటి పాలు, మధ్యలో కాఫీ, పైన నురగ. పాలకీ కాఫీకీ మధ్య గీత బొంబోన్‌లో ఉన్నంత పదునుగా రాదు, కాస్త చెరిగినట్టే ఉంటుంది. అది తప్పు కాదు.

తాగేటప్పుడు కలపాలా వద్దా? నేను సగం గ్లాసు కలపకుండా తాగి, చేదు తగ్గి పాలు తగిలేచోట కలుపుతాను. మా మావయ్యగారు గ్లాసు చేతికివ్వగానే డబరా అడిగారు. ఇచ్చాను.

అరకు కాఫీ, అనకాపల్లి బెల్లం

ఎండాకాలానికి ఇది నా సొంత వంట. 2022లో జిల్లాలు విడిపోయేదాకా అరకు, అనకాపల్లి రెండూ విశాఖ జిల్లావే. ఒక గ్లాసులో కలపడానికి ఆ మాత్రం చుట్టరికం చాలనిపించింది.

100 గ్రాముల బెల్లం తురుములో 50 మి.లీ. నీళ్లు పోసి కరగనివ్వండి. తీగపాకం వద్దు, కరిగి ఒక పొంగు వస్తే దించి వడకట్టండి, బెల్లంలో మట్టి, నలకలు ఉండనే ఉంటాయి. ఫ్రిజ్‌లో పూర్తిగా చల్లారాలి. వేడి పాకం మీద పాలు పోస్తే విరిగిపోయే ప్రమాదం ఉంది, పరమాన్నం వండినవాళ్లెవరికైనా ఈ భయం తెలిసిందే. నల్లగా ఉన్న బెల్లమైతే రంగు బాగా తేలుతుంది.

గ్లాసు అడుగున 25 మి.లీ. పాకం, దానిమీద నిండుగా ఐస్ ముక్కలు. 120 మి.లీ. చల్లటి పాలు ఐస్ మీద పడేలా నెమ్మదిగా పోయండి. చివర్లో 40 మి.లీ. వేడి కాఫీ, అదీ నేరుగా ఒక ఐస్ ముక్క నెత్తిన. ఇక్కడ నురగ చేసే పని ఐస్ చేస్తుంది. పైన నలుపు, మధ్యలో తెలుపు, అడుగున రాగి రంగు. కాఫీ అంచుల నుంచి వేళ్లలాంటి చారలు పాలలోకి దిగుతుంటాయి, ఫొటో తీసేవాళ్లకి ఒక నిమిషమే టైముంది. ఐస్ కరిగేకొద్దీ కాఫీ చల్లబడి దిగిపోతుంది. తాగేముందు అడుగుదాకా కలపాలి, లేకపోతే చివరి గుక్క ఉత్త పాకమే.

పదే పదే పొరలు పడే వింత

మీరు గ్లాసులోని వేడిపాలలో ఎస్ప్రెసో పోసి, ఎక్కడికో వెళ్లి పది నిమిషాల తర్వాత వస్తే, రెండు మూడు కాదు, ఐదారు చారలు కనబడొచ్చు. అమెరికాలో ఓ రిటైర్డ్ ఇంజనీరు ఇది గమనించి ప్రిన్స్‌టన్ యూనివర్సిటీవాళ్లని అడిగితే, వాళ్లు పాలకి బదులు ఉప్పునీళ్లు, కాఫీకి బదులు రంగు కలిపిన వేడినీళ్లు పెట్టి పరీక్షలు చేసి, 2017లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ప్రచురించారు. గ్లాసు గోడల దగ్గర ద్రవం చల్లారి కిందికి జారాలని చూస్తుంది, కింద ఉన్నది ఇంకా బరువైనది కావడంతో మధ్యలోనే ఆగి పక్కకి పరుచుకుంటుంది. అలా మెట్లుమెట్లుగా పొరలు కడతాయి. తమాషా ఏమిటంటే, దీనికి ధార ఒక వేగానికి మించి ఉండాలి, మరీ మెల్లగా పోస్తే ఇవి రావు. నురగ లేని వేడిపాలలో కాఫీని కాస్త జోరుగా పోసి, కదపకుండా వదిలి చూడండి. చారలు వచ్చేసరికి కాఫీ చల్లారిపోతుందనుకోండి.

చెడితే ఎందుకు చెడినట్టు

కాఫీ అడుక్కి దిగిపోతే అందులో చక్కెర ఉంది, లేదా చల్లారిపోయింది. అంతా కలిసి ఒకే రంగైతే నిమిషం ఆగలేదు, లేదా చెయ్యి ఎత్తారు. కాఫీ నురగ మీదే మడుగులా నిలిచిపోయి కిందికి దిగకపోతే నురగ మరీ గట్టిగా వచ్చింది. స్పూన్ కాడతో మధ్యలో చిన్న గుంట చేస్తే దిగుతుంది.

నలుగురు చుట్టాలొస్తే ఒక్కో గ్లాసూ మొదటినుంచి చివరిదాకా చెయ్యబోకండి. ముందు నాలుగు గ్లాసుల్లోనూ పాలు, నురగ పోసెయ్యండి. నాలుగోది పోసేసరికి మొదటిదానికి ఆగాల్సిన నిమిషం అయిపోతుంది. అప్పుడు వరసగా కాఫీ పోసుకుంటూ రండి. ఫ్రెంచ్ ప్రెస్ జాలీని మాత్రం వెంటనే విప్పి కడగండి. రాత్రికని వదిలేస్తే పొద్దున్నకి పాలవాసన పట్టి, వారం రోజులపాటు వదలదు.